బాలమ్మ తవ్విన గుంత

2017 వానాకాలం. అచ్చంపేటలో ఒక బడి వెనక గదిలో ప్రతి బుధవారం పిల్లలకు ఫిజియోథెరపీ చేసేదాన్ని. మిగతా రోజులు వేరే మండలాలు. ఆ గదిలో నాలుగు మ్యాట్లు, ఒక పెద్ద రబ్బరు బంతి, పట్టుకుని నడవడానికి రెండు ఇనుప కమ్మీలు, ఒకే ఒక స్టాండింగ్ ఫ్రేమ్ ఉండేవి. స్టాండింగ్ ఫ్రేమ్ అంటే సొంతంగా నిలబడలేని పిల్లలను బెల్టులు కట్టి నిటారుగా నిలబెట్టే చెక్క చట్రం. దానికోసం తల్లులు వరుసలో కూర్చునేవాళ్లు.

ఫిజియోథెరపీ అనగానే చాలామందికి మోకాళ్లకు కరెంటు పెట్టడమే గుర్తొస్తుంది. పిల్లలతో చేసేది పైకి ఆటలా కనిపిస్తుంది. బంతి మీద కూర్చోబెట్టి ఊపుతాం. బొమ్మను కాస్త దూరంగా పెట్టి దాని కోసం చేయి చాపేలా చేస్తాం. చిన్న పీట మీద నుంచి పదే పదే లేపుతాం. వీటితోనే కండరాలకు బలం వస్తుంది, ఒళ్లు తూలకుండా నిలుస్తుంది. "గీ ఆటలకు గింత దూరం రావాల్నా మేడమ్" అని నన్ను అడగని కుటుంబం తక్కువ.

నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. పని వచ్చు. నోరు అంతకంటే బాగా వచ్చు. "నీ చేతులు దవాఖానకు, నీ నోరు అంగడికి" అని భువనగిరిలో మా అమ్మ ఇప్పటికీ అంటుంది. భయమేసినా, జాలేసినా, నిద్ర చాలకపోయినా నాలోంచి బయటికి వచ్చేది కోపమే. పిల్లల మీద ఎప్పుడూ అరవలేదు కానీ, వాళ్లను ఎత్తుకొచ్చిన వాళ్ల మీద అరిచేదాన్ని. అదంతా పిల్లల మంచికేనని గట్టిగా నమ్మేదాన్ని కూడా.

అఖిలకు అప్పుడు మూడేళ్లు. నల్లమల వైపు పోయే దారిలో వాళ్ల ఊరు. తండ్రి హైదరాబాదులో కట్టడం పనికి పోయేవాడు. తల్లి జ్యోతి పత్తి చేలల్లో కూలికి పోయేది. అందుకని అఖిలను నానమ్మ బాలమ్మ చంకనెత్తుకుని, ఆటోలో రోడ్డు దాకా, అక్కడి నుంచి బస్సులో తెచ్చేది. అఖిల ఏడో నెలలో పుట్టింది. ఆమెకున్నది స్పాస్టిక్ డైప్లీజియా. మెదడు నుంచి కాళ్లకు అందవలసిన ఆజ్ఞలు సరిగ్గా అందవు. కండరాలు ఒకపక్క బలహీనంగా, మరోపక్క బిగుసుకుపోయి ఉంటాయి. నిలబెడితే మునివేళ్ల మీద నిలబడి, తొడలు రెండూ కత్తెర వేసినట్టు దగ్గరకు లాక్కునేది. మాటలు మాత్రం గలగలా వచ్చేవి. నన్ను "కసరత్ మేడమ్" అని పిలిచేది.

బాలమ్మ ఒక్క బుధవారం కూడా తప్పలేదు. నేను చేస్తున్నంతసేపు మాట్లాడకుండా నా చేతుల వంకే చూసేది. మోకాళ్ల మధ్య బోల్‌స్టర్, అంటే పొడుగాటి గుండ్రటి దిండు, ఎందుకు పెట్టానో అడిగేది కాదు. ఎలా పెట్టానో చూసేది. రెండు నెలల్లో అఖిల కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడటం నేర్చుకుంది.

ఒక బుధవారం అఖిలను పడుకోబెట్టి తొడలు వెడల్పు చేసి చూస్తుంటే ఎడమ తొడ కుడిదానంత తెరుచుకోలేదు. మళ్లీ చూశాను. మళ్లీ అంతే. ఇలాంటి పిల్లలకు తుంటి కీలు మెల్లమెల్లగా పక్కకు జారిపోయే ప్రమాదం ఉంటుంది. దాన్ని హిప్ సబ్‌లక్సేషన్ అంటాం. మొదట్లో నొప్పి ఉండదు, పిల్ల ఏడవదు, ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎక్స్‌రే తీస్తేనే బయటపడుతుంది. పూర్తిగా జారితే నడక మాట దేవుడెరుగు, కూర్చోవడం కూడా కష్టమవుతుంది. మహబూబ్‌నగర్ పోయి ఎక్స్‌రే తీయించమని చీటీ రాసి బాలమ్మ చేతిలో పెట్టాను.

ఆమె చీటీని కొంగుకు ముడివేసుకుని, ఏదో శుభవార్త చెప్పేదానిలా నవ్వింది.

"మేడమ్, ఇంటికాడ గూడ నిలవెడుతున్న. గుంత తవ్విన."

నడక రాని పిల్లలను నడుములోతు గుంత తీసి అందులో నిలబెట్టడం మా వైపు పాత అలవాటు. అసలే తుంటి గురించి భయపడి ఉన్నాను. ఆ భయమంతా ఒక్కసారిగా నోట్లోకి వచ్చేసింది.

"గుంతనా? నీకేమన్న తెలివుందా అవ్వా? పిల్లను పాతిపెడ్తున్నవా?"

గదిలో ఉన్న తల్లులంతా మావైపు తిరిగారు. ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. బాలమ్మ ముఖంలో నవ్వు పోయింది. అఖిలను చంకనేసుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. బుద్ధి చెప్పానని నేను అనుకున్నాను.

తర్వాతి బుధవారం వాళ్లు రాలేదు. వానలు కదా అనుకున్నాను. ఆ తర్వాతి బుధవారమూ రాలేదు. కేసు షీటు మీద ఉన్న ఫోన్ నంబరు హైదరాబాదులో ఉన్న తండ్రిది. ఎప్పుడు చేసినా స్విచ్ఛాఫ్. పత్తి ఏరుతున్నారేమో అని సర్దిచెప్పుకున్నాను. కానీ వేరే ఏ పిల్ల తొడలు వెడల్పు చేసినా అఖిల ఎడమ కాలే నా చేతికి తగిలేది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా అదే ఆలోచన. ఎక్స్‌రే తీయించారా? తీయించకపోతే ఇప్పటికి ఎంత జారి ఉంటుంది? గది తలుపు చప్పుడైతే చాలు, చేస్తున్న పని ఆపి చూసేదాన్ని.

ఊరికి పోవచ్చు. దారి తెలుసు. పోలేదు. పని ఎక్కువైందని నాకు నేనే చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ ముసలామె ముఖం చూడటానికి జంకు. ఆరోజు నా మాట ఎక్కడో తగలరాని చోట తగిలిందని తెలుస్తూనే ఉంది, ఎక్కడన్నది మాత్రం తెలియలేదు. అలా చూస్తూ చూస్తూ నాలుగు నెలలు గడిచిపోయాయి.

దీపావళి దాటాక ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్ సరోజ ఇంకో పిల్లను తీసుకుని మా గదికి వచ్చింది. నేను మొదట అడిగిందే అఖిల గురించి.

"అఖిలనా? ఉన్నది మేడమ్. రోజూ పొద్దుగాల గుంతలనే ఉంటది."

"ఎక్స్‌రే ఫోటో తీపిచ్చిన్రా? పెద్ద దవాఖానకు పోయిన్రా?"

"ఏడికీ పోలే."

మర్నాడు వేరే మండలంలో పని ఉంది. ఫోన్ చేసి రానని చెప్పి, పొద్దున్నే ఆ ఊరికి ఆటో ఎక్కాను. ఏం చెప్పాలో దారంతా మనసులో అనుకుంటూ పోయాను.

ఇంటి ముందు, మేకల కొట్టం నీడలో గుంత. అందులో అఖిల నిలబడి, గట్టు మీద పల్లికాయలు వరుసగా పేర్చుకుంటోంది. పక్కనే బాలమ్మ కాయ ఒలుస్తోంది. నన్ను చూడగానే లేచి నాకూ గుంతకూ మధ్యలో నిలబడింది.

"మల్ల తిట్టుదమని వచ్చినవా?"

దారంతా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. "ఎందుకు వస్తలేరు అవ్వా?" అన్నాను.

"నువ్వే అంటివి గద, పాతిపెడ్తున్నవా అని." ఆమె గొంతు పెంచలేదు. "ఇద్దరు పుట్టిన్రు బిడ్డా. కవలలు. పిలగాడు తొమ్మిదో దినం పోయిండు. నా కొడుకుకు చేతులు ఆడలే. నేనే గుంత తవ్విన, నేనే మట్టిల పెట్టిన. గీ చేతులతోటే మల్ల దీనికి తవ్విన. పార పడితే నా పానం ఎట్ల కొట్టుకున్నదో నీకేం ఎరుక? ఇదన్న లేసి నడుస్తదని తవ్విన."

నాకు ఎరుకే. మొదటి రోజే ఆమె నాకు చెప్పింది. కవలలు, ఒక శిశువు తొమ్మిదో రోజు మృతి అని కేసు షీటులో నా చేత్తో నేనే రాసుకున్నాను. రాసి, పేజీ తిప్పి, మరిచిపోయాను. వాకిట్లో మట్టి మీదే కూర్చున్నాను. తప్పయిందని అన్నాను. ఆమె వినిపించుకున్నట్టు కనబడలేదు.

"కసరత్ మేడమ్ ఏడుస్తాంది అవ్వా" అంది అఖిల గుంతలోంచి.

కాసేపటికి, గుంత చూడొచ్చా అని అడిగాను. బాలమ్మ పక్కకు జరిగింది. అంచులు పేడతో నున్నగా అలికి ఉన్నాయి. చుట్టూ గడ్డి కుక్కిన గోనెసంచులు. అడుగున పాదాలు సమంగా ఆనేలా ఒక నాపరాయి. మోకాళ్ల మధ్య పాత చీరను గట్టిగా చుట్టి పెట్టిన దిండు. "నువ్వు గక్కడ తకియ పెట్టలేదా? గదే పెట్టిన" అంది. మడమలు రాయికి చక్కగా ఆనుతున్నాయి. మా గదిలో ఫ్రేము కోసం వరుసలో కూర్చున్న పిల్లల్లో ఎవరికీ వారానికి ఒక్కసారి మించి ఈ భాగ్యం లేదు. ఒక్కటే లోపం. గుంత ఇరుకు. తొడలు ఇంకా ఎడంగా ఉండాలి. నాలుగు నెలల కింద మెల్లగా అడిగి ఉంటే, ఆ ముక్క అప్పుడే చెప్పి ఉండేదాన్ని.

అఖిలను మంచం మీద పడుకోబెట్టి చూశాను. ఎడమ తొడ ఇదివరకంత కూడా తెరుచుకోలేదు. రెండు మోకాళ్లూ మడిచి పెడితే ఎడమ మోకాలు కిందికి ఉంది. మళ్లీ మడిచి చూశాను.

"ఏమైంది? చెప్పు" అంది బాలమ్మ.

"తుంటికాడ కీలు గిన్నెల గోళికాయ ఉన్నట్టు ఉంటది అవ్వా. అఖిలకు గా గోళి గిన్నెలకెల్లి పక్కకు జరుగుతాంది. ఎంత జరిగిందో ఫోటో తీస్తేనే ఎరుకైతది. ఆలస్యం చేయొద్దు."

ఆమె లోపలికి పోయి, బట్టల పెట్టెలోంచి నేను రాసిచ్చిన చీటీ తెచ్చింది. మడత కూడా నలగలేదు. "పారెయ్యలే. గిది గింత అవసరమని నువ్వు చెప్పలే. తిట్టి పంపినవ్."

మూడో రోజు మహబూబ్‌నగర్ పోయాం. జ్యోతి కూలి మానుకుని వచ్చింది. నేను సెలవు పెట్టాను. ఎక్స్‌రే గది బయట బల్ల మీద ముగ్గురం ఆ తలుపు వంకే చూస్తూ కూర్చున్నాం. అఖిల ఒక్కతే పోయేవాళ్లను వచ్చేవాళ్లను పలకరిస్తోంది. ఎముకల డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి, స్కేలుతో గీతలు గీశాడు. ఆ గీతలు ఎక్కడ పడతాయో ఆయన చెప్పకముందే నాకు తెలిసిపోయింది. ఎడమ కీలు దాదాపు సగం బయటికి వచ్చింది. ఆపరేషన్ తప్పదన్నాడు.

బాలమ్మకు అర్థం కాకూడదని ఇంగ్లీషులో అడిగాను, నాలుగు నెలల కింద తెచ్చి ఉంటే ఏమయ్యేదని.

"చెప్పలేం. అప్పటికే జారి ఉండొచ్చు, ఆ తర్వాత జారి ఉండొచ్చు. అప్పటి ఫిల్మ్ ఉంటే తెలిసేది" అన్నాడు ఆయన తెలుగులోనే.

వరండాలోకి రాగానే బాలమ్మ నా చేయి పట్టుకుని ఆపింది.

"నిజం చెప్పు మేడమ్. నా గుంతతోనే గిట్లయిందా?"

నేను తల ఊపాల్సిన అవసరం కూడా లేదు. ఊరికే ఉంటే చాలు, ఆమె అదే నమ్మేది. కోడలు కూడా అదే నమ్మేది. నా పేరు ఎక్కడా వచ్చేది కాదు. ఆ ఒక్క క్షణం నాకు ఆ ఆలోచన వచ్చింది. రాలేదంటే అబద్ధం.

"కాదు అవ్వా. గుంత మంచే చేసింది. మడిమెలు ఆనుతున్నయంటే నువ్వు నిలవెట్టబట్టే. ఇరుకున్నది, గది నేను చెప్పాల్సింది. ఫోటో నాలుగు నెలల కిందనే కావాల్సింది. నా నోటికి మీరు ఆగిపోయిన్రు. తప్పు నాది."

జ్యోతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. బాలమ్మ క్షమించానని అనలేదు. ఈరోజు వరకూ అనలేదు.

"ఆపరేషన్ అయినంక ఎంత ఎడల్పు తవ్వాల్నో చూపియ్" అంది.

వరండా గచ్చు మీద సుద్దముక్కతో గీసి చూపించాను. ఆమె జానలతో కొలుచుకుంది.

బిగుసుకున్న కండరాలను వదులు చేసే ఆపరేషన్ చేశారు. కాళ్లు ఎడంగా పెట్టి కట్టిన పిండికట్టుతో అఖిల చాలా రోజులు మంచం మీదే ఉంది. కట్టు విప్పాక, డాక్టరు సరేనన్నాక, కొత్త గుంతలో నిలబడింది. ఈసారి నేను దగ్గర కూర్చున్నాను. మరుసటి ఏడాది వాకర్ పట్టుకుని వాకిలి దాటింది. ఇప్పుడు మోచేతి కర్రలతో బడికి పోతుంది. ఎడమ కాలు కాస్త పొట్టి, చెప్పు కింద ఎత్తు వేయించాం. అలసిపోతే కుంటుతుంది. ఆ కుంటులో నా వాటా ఎంతో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు కూడా.

ఈ కేసు నాకు ఏం నేర్పిందంటే, పిల్ల కండరాలను పట్టి చూసినంత జాగ్రత్తగా ఎత్తుకొచ్చిన మనిషిని చూడలేదని. ఇప్పుడు చీటీ ఇస్తే ఎందుకో చెప్పి, వాళ్లతో తిరిగి చెప్పించుకుంటాను. ఇంట్లో ఏం చేస్తున్నారో అడిగి, వాళ్లు చెప్పడం అయ్యేదాకా నోరు మూసుకుంటాను. నోరు పూర్తిగా మారిందని మాత్రం చెప్పను. ఇప్పటికీ అప్పుడప్పుడు జారుతుంది. అందుకే ఏ పిల్లయినా రావలసిన రోజు రాకపోతే, వచ్చే వారం దాకా ఆగను. ఆ సాయంత్రమే ఫోన్ చేస్తాను. అవతల ఎత్తగానే, ఎందుకు రాలేదని అడగను.

"పోయినసారి నేనేమన్న అన్ననా?" అని అడుగుతాను.