చించిల్లాకు తలంటు పోసినవాళ్ల ఏటికొప్పాక ప్రయాణం

మా నర్సీపట్నంలో చించిల్లాను పెంచిన ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది. బదిలీ మీద దూరం వెళ్తూ మా తమ్ముడు దాన్ని మాకు వదిలాడు. చిన్న కుందేలంత ఉండే ఎలుకజాతి జంతువు, పెద్ద చెవులు, గుండ్రటి ఒళ్లు, బూడిద రంగు. ఒక్కో కుదురులోంచి యాభై అరవై వెంట్రుకలు మొలుస్తాయట. ఆ మెత్తదనం కోసం ఒక్క కోటుకి వంద పైగా చించిల్లాలను చంపేవారట. బూరుగు దూదిలా ఉందని మా ఎనిమిదేళ్ల అమ్మాయి లాస్య దానికి బూరి అని పేరు పెట్టింది. ఒక ఆదివారం కుంకుడురసంతో దానికి తలంటు పోసింది. మన్నులో పొర్లడమే దాని స్నానమని, తడిస్తే ఆ బొచ్చు ఓ పట్టాన ఆరదని తమ్ముడు చెప్పే ఉంటాడు, నేనే చెవిన పెట్టలేదు. తడి ఆరక జబ్బుచేసి మూడో రోజుకి బూరి పోయింది. అంతకుముందు చూపించడానికి తీసుకెళ్లినప్పుడు "ఎవరు తడిపారు?" అని పశువుల డాక్టరుగారు అడిగితే లాస్య "నేను" అంది. ఆవేళ వంటింట్లోంచి "ఆదివారం ఇంట్లో అందరికీ తలంటే, దానికీ పొయ్యి" అని సరదాకి అన్నది నేను. అయినా పక్కనే నిలబడి నోరు విప్పలేదు. సిగ్గుమాలిన పని.

నెల గడిచినా లాస్య బూరి పేరెత్తలేదు. కర్రబొమ్మలకు పేరున్న ఏటికొప్పాకలో ఒక బూరిని చేయిద్దామని రెండో శనివారం బయల్దేరాం. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఎనిమిదింటి బస్సెక్కితే కోటవురట్ల మీదుగా గంటలోపు హైవే మీది అడ్డరోడ్డు. అక్కడ షేర్ ఆటో అబ్బాయి "బేగి ఎక్కండమ్మా, ఇద్దరైతే సాలు, కదిలిపోద్ది" అని పావుగంట కూర్చోబెట్టాడు. మనిషికి ఇరవై.

లక్కబొమ్మలు చేసే సత్యంగారు అరవై దాటిన మనిషి. నేను ఫోన్లో చూపించిన ఫొటోను దూరంగా పెట్టి చూశారు.

"ఏటమ్మా దీని పేరు?"

"చించిల్లా అండీ."

"సించిందా? ఏటి సించింది?"

లాస్య ఫక్కున నవ్వింది. "ఏమీ చించలేదు తాతగారూ, దాని పేరే అది." ఆ నవ్వు విని నెలయింది.

అంకుడు కర్ర మిషన్ మీద గిర్రున తిరుగుతుంటే ఉలి కింద గుండ్రటి వీపు తేలింది. పిండిలాంటి పొట్టు రాలింది. చెవులు విడిగా చెక్కి అతికిస్తామన్నారు. "ఇప్పుడేదమ్మా ఆ సించిల్లా?" అని అడిగారు.

"నేనే నీళ్లు పోసి చంపేశాను" అంది లాస్య తల దించుకుని.

ఇక ఆగలేకపోయాను. "నువ్వు కాదమ్మా. పొయ్యమన్నది నేను. డాక్టరుగారి ముందు భయపడి చెప్పలేదు."

"నాకు గుర్తుందమ్మా" అంది. "నీ పేరు చెప్తే ఆయన నిన్ను తిడతారని చెప్పలేదు."

సత్యంగారు మిషన్ ఆపేశారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. లాస్య నా వీపు నిమిరింది.

పన్నెండుకి బొమ్మ తయారైంది. రంగు లక్క పట్టించి, మొగలాకుతో రుద్ది మెరుగు పెట్టి మూడువందల యాభై తీసుకున్నారు. "నీళ్లు తగలనీకు తల్లీ, సెడిపోద్ది" అన్నారు. "తెలుసు తాతగారూ" అని లాస్య కింద కూర్చుని, రాలిన పొట్టును దోసిలితో తన రుమాల్లోకి ఎత్తి మూట కట్టుకుంది. దేనికే అంటే, "రేపు ఆదివారం కదా" అంది.

తప్పు చేశానని పిల్లల దగ్గర ఒప్పుకోవడానికి ఇంత దూరం రావాలా అంటే, నాకు రావాల్సొచ్చింది. ఇప్పుడు ప్రతి ఆదివారం లాస్యకు నేను తలంటుతాను, ఆ పక్కనే పళ్లెంలో బూరిని పొట్టులో పొర్లించి లాస్య దానికి స్నానం చేయిస్తుంది. మీరు ఏటికొప్పాక వెళ్తే పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం భోజనాలకు చాలామంది మిషన్లు ఆపేస్తారు. వచ్చేటప్పుడు కాస్త పొట్టు అడిగి తెచ్చుకోండి, ఊరికే ఇస్తారు.