గడప బయట నీళ్లు

పోయిన మంగళవారం పొద్దున పాలు పొయ్యి మీద ఉండగా ఎదురింటామె వాకిట్లో నిలబడి, "అక్కా, టీచరమ్మ పోయిందంట. ఐరాలలో, కూతురింట్లో" అని చెప్పింది. పాలు పొంగిపోయాయి. స్టవ్ కట్టేసి, గట్టు తుడిచి, గుడ్డ పిండి ఆరేసి, ఆ తరువాతే కూర్చున్నాను.

ఆమె మా ఊరి బడిలో ఒకటో తరగతి టీచరమ్మ. పుత్తూరు నుంచి కొండల్లోకి పోయే దారిలో ఉంటుంది మా ఊరు. ఊరి వెనక గుట్టలో అప్పట్లో సీసపు గని నడిచేది. మా ఆయనతో సహా ఊళ్లో సగం మంది మగవాళ్లు అందులోనే పని చేసేవాళ్లు. రాయిని పొడి చేసి సీసం తీసుకోగా మిగిలిన బూడిద రంగు ఇసుకను గనివాళ్లు ఊరికి ఊరికే ఇచ్చేవాళ్లు. జల్లెడ పట్టినట్టు సన్నగా ఉండేది. దానితో మేము గిన్నెలు తోముకున్నాం, వాకిట్లో పరుచుకున్నాం. బడికీ ఒక ట్రాక్టర్ తోలారు.

పలక చేతికి ఇచ్చే ముందు పిల్లలను ఇసుకలో దిద్దించడం టీచరమ్మ పద్ధతి. చెక్కపెట్టెలో ఇసుక పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని అ, ఆ రాయించేవారు. "వేలికి తెలిస్తే తలకాయికి తెలిసినట్టే" అనేవారు. అక్షరం తప్పితే పిల్లలు చెరిపేసి, వేలు నాలికకు తడి చేసుకుని మళ్లీ దిద్దేవాళ్లు. మా చిన్నవాడు అలా నేర్చుకున్నవాడే.

ఇసుక తోలిన రోజు ఆమె అందరి ముందూ గని ఆఫీసరును అడిగారు. "పిల్లోళ్లు ఇందులోనే ఆడుకుంటారు సార్. ఏం కాదు గదా?"

ఆయన గుప్పెడు ఇసుక తీసి మాకు చూపించాడు. "చక్కెరలాగా ఉంది చూడండమ్మా. ఇంత శుభ్రమైన ఇసుక మీకెక్కడ దొరుకుతుంది?"

ఆ మాటే ఆమె తిరిగి మాకు చెప్పారు. ఆమె చెప్పారు కాబట్టి మేము నమ్మాం.

కొంతకాలానికి మా చిన్నవాడికి కడుపునొప్పి మొదలైంది. మెలికలు తిరిగిపోయేవాడు, అన్నం ముట్టేవాడు కాదు. నులిపురుగుల మందు వేశాం, దిష్టి తీశాం. ఊళ్లో ఇంకొందరు పిల్లలకూ అదే బాధ. అప్పుడు గనివాళ్ల జీపులోనే డాక్టర్లు వచ్చి పిల్లల నెత్తురు పరీక్ష చేస్తామన్నారు. తల్లులం ఒప్పుకోలేదు. టీచరమ్మ ఇంటింటికీ వచ్చారు. "ఏముండాదో తెలిస్తే గదమ్మా మందిచ్చేది? కాగితాలు నా చేతికే ఇస్తామన్నారు. మీకు నేను చదివి చెప్తాను." ఆ మాట మీద పిల్లల చేతులు చాపించాం. సూది గుచ్చినప్పుడు మా వాడు ఆమె కొంగులో ముఖం దాచుకున్నాడు.

ఆ రోజే, వచ్చినవాళ్లలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఇసుకపెట్టె దగ్గర ఆగి, ఆ ఇసుక ఎక్కడిదని అడిగింది. గనిదని చెప్పాం. "పారేయించండి మేడం. దీంట్లో సీసం ఉంటుంది. పిల్లల కడుపులోకి పోకూడదు" అని మెల్లగా చెప్పింది. సాయంత్రానికల్లా టీచరమ్మ గుంత తీయించి పెట్టెతో సహా పూడ్పించారు.

పరీక్ష కాగితాలు మాత్రం రాలేదు. టీచరమ్మ గని ఆఫీసులో అడిగితే పై ఆఫీసుకు పంపామన్నారు. చిత్తూరులో ఆ ఆఫీసుకు బస్సెక్కి వెళ్తే గనివాళ్లనే అడగమన్నారు. చివరికి ఆ చక్కెర ఆఫీసరే, "జనాన్ని భయపెట్టొద్దు టీచరమ్మా. గని మూతపడితే వీళ్లకు కూడు నువ్వు పెడతావా?" అన్నాడట.

"నా నోటితో మిమ్మల్ని నమ్మించినాడు మే వాడు" అన్నారు ఆమె నాతో. "వాడే చెప్పుంటే మీరు నమ్మేటోళ్లు కాదు."

సీసం కంటికి కనబడేది కాదు. కాగితం లేనిదే ఊరికి నమ్మకం కలగదు. ఆమె బొమ్మలు గీసి, ఆ ఇసుక వాడొద్దని, చేతులు కడుక్కోమని చెప్తే తలలూపి వచ్చేశాం. ఒక సాయంత్రం రేషన్ షాపు ముందు, పని దిగి వస్తున్న మగవాళ్లను ఆపి అడిగారు.

"సావింటికి పోయొస్తే ఏం జేస్తారప్పా? నేరుగా ఇంట్లోకి పోతారా?"

"యాడన్నా పోతామా? బయటే నీళ్లు పోసుకొని, గుడ్డలు ఆడే తడిపేసి, ఆనక గడప తొక్కుతాం."

"పనికి పోయొచ్చినా అట్లే జేయండి. మీ గుడ్డల్లో ఉండే దుమ్మే బిడ్డల నోట్లోకి పోతా ఉండాది."

మా ఆయనకు ఒళ్లు మండింది. "కూడు పెట్టే పని సావిల్లా? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాది. టీచరమ్మవని ఊరుకుంటా ఉండాను."

వెనక నుంచి ఎవరో, "అయితే దినామూ మా ఆడోళ్లు ఏడస్తా ఎదురొస్తారేమో!" అన్నారు. అందరూ నవ్వారు.

"ఇప్పుడు నీళ్లు పోసుకుంటే ఆనక ఏడ్సే పనుండదు నాయనా" అన్నారు టీచరమ్మ.

మగవాళ్లు కోప్పడినా, ఆడవాళ్లకు ఆ మాట తలకెక్కింది. నాకు ఏ పనైనా వరసగా అమర్చుకోవడం అలవాటు. పెరటి గోడ పక్కన బకెట్, సబ్బు పెట్టాను. ఆయన విడిచే బట్టలకు వేరే తొట్టి, వేరే దండెం. పొడి చీపురు మానేసి తడిగుడ్డతో ఇల్లు తుడిచాను. ఆయన ఆ బకెట్ దాటుకుని నేరుగా లోపలికి వచ్చేవారు. ఒక సాయంత్రం నొప్పితో ముడుచుకుపోయిన పిల్లవాడిని ఎత్తుకోబోయి, తన చొక్కా వైపు చూసుకుని ఆగిపోయారు. వెనక్కి తిరిగి పెరట్లోకి వెళ్లారు. నీళ్ల చప్పుడు వినబడింది.

కొన్నేళ్లకు గని మూతపడింది. ఆఫీసర్లు వెళ్లిపోయారు. మా వాడి నొప్పులు తగ్గాయి. ఇప్పుడు పుత్తూరులో కొట్లో పని చేస్తున్నాడు. మనిషి బాగానే ఉన్నాడు, కానీ చెప్పిన మాట సగంలో జారవిడుస్తాడు. అది సీసమో, వాడి తీరే అంతో నాకు తెలియదు. తెలిపే కాగితం ఏ బీరువాలోనో ఉంది. అది నా బిడ్డ నెత్తురు. ఎంత సీసం ఉండిందో ఎవరికో తెలుసు, కన్నదానికి తెలియదు.

రిటైరయ్యాక కూడా టీచరమ్మ నన్ను చూస్తే మొదట అడిగేది అదే. "కాగితాలేమన్నా వచ్చినాయా మే?" ఆఖరిసారి ఐరాలలో మంచం మీద నుంచీ అడిగారు. లేదన్నాను. నా చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

ఆ మంగళవారమే ఐరాలకు పోయి ఆమెను సాగనంపి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాను. మోకాళ్ల నొప్పులతో మా ఆయన రాలేకపోయారు. నేను ఇంట్లోకి పోకుండా పెరటి దారిన వెళ్లాను. గోడ పక్కన బకెట్ నిండుగా ఉంది. సబ్బు, మడత పెట్టిన నా చీర ఉన్నాయి. ఆయన అరుగు మీద తడి తలతో కూర్చుని ఉన్నారు. సావింటికి పోకపోయినా తలకు పోసుకునేది సొంత దాయాదులు మాత్రమే.

ఆ పాత దండెం మీద ఆయన చొక్కా నీళ్లు కారుతూ ఉంది.