పౌడర్ పూసుకున్న ముఖాలు

ముఖం చూసి మనిషిని గుర్తుపట్టడం కంప్యూటరుకు నేర్పడమే నా పని. పదిహేనేళ్లుగా ఇదే చేస్తున్నాను, పెద్ద పెద్ద సభల్లో పేపర్లు కూడా చదివాను. చివరికి సొంత చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడి ముఖం దగ్గరే బొక్కబోర్లా పడ్డాను.

మాది జఫర్‌గఢ్. చిన్నబాపు భూపాలపల్లిలో ఒక బొగ్గు కాంట్రాక్టరు దగ్గర కూలి. ఆయన ఇంట్లోనే ఉండి నేను ఇంటర్ చదివాను. ఒక పరీక్ష రోజు హాల్ టికెట్ ఇంట్లో మరచిపోయాను. షిఫ్టు దిగి ఇంటికొచ్చిన చిన్నబాపు దాన్ని చూసి, కాళ్లయినా కడుక్కోకుండా కాలేజీ గేటుకు ఉరికొచ్చాడు. ముఖమంతా మసి. దోస్తులు చూస్తున్నారు. "మొఖం కడుక్కొని రావద్దా" అన్నాను.

"యాదికి రాలే బిడ్డా" అని టికెట్ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

రెండేళ్ల కిందట అదే కాంట్రాక్టరు, ముఖం చూసి హాజరు వేసే మిషన్ కావాలన్నాడు. దానికి నేర్పే ఫోటోల కోసం ఆయన కూలీల ఊళ్లు దంతాలపల్లి, జఫర్‌గఢ్, భూపాలపల్లి తిరిగాను. రేపు ఫోటో దిగాలని ముందురోజే చెప్పించాను. మా దగ్గర ఫోటో అంటే ముఖం కడిగి, తల దువ్వి, పౌడర్ కొట్టుకొని రావడమే. అందరూ అలాగే వచ్చారు. చిన్నప్పుడు జనగామ స్టూడియోలో నేనూ అలాగే దిగినవాణ్ని, నాకేం అనుమానం వస్తుంది? ఎంత చదివి ఏం లాభం, ఆ మాత్రం తట్టలేదు.

మిషన్ పొద్దున లోపలికి పోయేటప్పుడు అందర్నీ గుర్తుపట్టింది. సాయంత్రం మసితో బయటికొచ్చినవాళ్లను గుర్తుపట్టలేదు. బయటికొచ్చినట్టు పడకపోతే ఆ రోజు హాజరు లేనట్టే. కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. "మిషన్ మంచిగనే ఉంది. మొఖాలు కడుక్కొని రమ్మనుండ్రి" అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

నెల తర్వాత చూడ్డానికి వెళ్లాను. గేటు దగ్గర ఒకటే నల్లా, దాని ముందు పెద్ద లైను. చిన్నబాపు ముఖం కడిగి, సద్ది సంచిలోంచి పౌడర్ డబ్బా తీసి పూసుకొని మిషన్ ముందు నిలబడ్డాడు. పచ్చలైటు వెలిగింది. డబ్బా వెనకాయనకు ఇచ్చాడు.

ఆ వెనకాయన నాతో అన్నాడు: "మీ చిన్నబాపువి నాలుగు హాజర్లు పోయినయి. ఇంకోటి పోతె పనిలకెల్లి తీసేస్తరట. అయినా మిషన్ను ఎవలన్న తిడితె ఊకోడు. మా పిలగాడు చేసిండు, మన మొకాలే మంచిగ లేవు అంటడు."

సిగ్గుతో తల దించుకున్నాను. తప్పు నాదని ఆ లైను ముందు నిలబడి చెప్పాల్సింది. ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాను. ఛీ, ఏం మనిషిని! తర్వాత కాంట్రాక్టరుకు మాత్రం చాటుగా చెప్పి మిషన్ ఆపించాను, పోయిన హాజర్లన్నీ వేయించాను. ఫోటోలు మళ్లీ తీస్తానని, ఈసారి షిఫ్టు దిగి మసితోనే రమ్మని అందరికీ చెప్పాను.

అందరూ మసితోనే వచ్చారు. చిన్నబాపు ఒక్కడే ఉతికిన అంగీ వేసుకొని, ముఖం తెల్లగా చేసుకొని వచ్చాడు.

"మసితోనే రమ్మన్న గద చిన్నబాపూ?"

"అందరు వేరు బిడ్డా. నేను గట్ల వస్తె నీకు నామోషి గాదా" అన్నాడు.