కొండ ఏటికి పోటు కోసం కాచిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదనుకునేవాణ్ణి. పోర్టులో లాంచీ మీద ట్రైనీగా చేరి మూడు నెలలైంది. జేబులో ఆటుపోట్ల పట్టిక, నోట్లో పెద్ద పెద్ద మాటలు. పోర్టు పక్కనే మల్కాపురంలో పుట్టినవాడికి నీళ్ళ గురించి ఇంకొకరు చెప్పక్కర్లేదని నా గట్టి నమ్మకం. (ఈత మాత్రం రాదు. ఆ సంగతి అక్కకి తప్ప ఎవరికీ తెలియదు.) అక్క ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. రెండేళ్ళుగా వరసగా రెండు రోజులు సెలవు దొరకని మనిషికి ఆ వారం ఎలాగో దొరికింది. "ఒరే, ఉప్పుగాలి లేని సోటుకి ఎక్కడికైనా తీసుకెళ్ళరా" అంది. చింతపల్లి అవతల, ఒక కొండ ఏటికి ఆవలి గట్టున గుడారాలు వేసి ఉంచుతారని విన్నాను. ఒక్క రాత్రికి ఫోన్లో మాట్లాడేశాను. గుడారాలాయన చెప్పింది ఒకటే: చీకటి పడితే దోనె నడవదు, పొద్దుండగానే ఏరు దాటేయాలి.

తెల్లవారకుండానే ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కాం. ఘాట్ రోడ్డు మొదలయ్యాక అక్క కిటికీకి అతుక్కుపోయింది. నేను మలుపు మలుపుకీ నిమ్మకాయ వాసన చూస్తూ కళ్ళు మూసుకున్నాను. తర్వాత జీపు, ఆ తర్వాత కాళ్ళు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి చెట్లు ఒక్కసారిగా తొలగి ఏరు కనబడింది. రెండు కొండల మధ్య అంత వెడల్పున ఆకుపచ్చగా కదులుతున్న నీళ్ళు, అడుగున ఒక్కో గులకరాయీ లెక్కపెట్టుకోవచ్చు. అడుగు కనబడే నీళ్ళు మేం బిందెలో తప్ప ఎక్కడా చూసి ఎరగం. ఏటి హోరు తప్ప సైరన్ లేదు, క్రేన్ లేదు. అక్క చెప్పులు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

దోనె నడిపే ఆమె, నడివయసు మనిషి, "ఎక్కండి బాబూ" అంది. నేను వంగి చూశాను. గట్టు పొడుగునా రాళ్ళు బయటపడి ఉన్నాయి. "ఇంకా పోటు నిండలేదక్కా. నిండాక ఎక్కుదాం, దోనె అడుగు రాళ్ళకి తగలకుండా ఉంటాది" అన్నాను. మా వాళ్ళింకెవరో రావాలి కాబోలనుకుని ఆమె వెళ్ళిపోయింది. నేను నీటి అంచున కర్ర పాతి, దానికెదురుగా కూర్చున్నాను. అక్క రాయి మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది. గంట గడిచింది. రెండు గడిచాయి. నీరు కర్రని దాటలేదు. పట్టిక తీసి చూస్తే పోర్టులో నాలుగింటికల్లా నిండు పోటు. 'ఇంత దూరం రావాలి కదా, కాస్త లేటవుతుంది' అని సర్దిచెప్పుకున్నాను.

ఎండ కొండ కొమ్ముకెక్కింది. ఆమె మళ్ళీ వచ్చి, ఇదే ఆఖరిసారి, ఇక దోనె కట్టేస్తానంది. అక్క లేచి నా వంక చూసింది. మళ్ళీ సెలవెప్పుడో దేవుడికెరుక.

"ఎవుల కోసం కాస్తన్నారు?" అంది ఆమె.

"పోటు కోసమమ్మా."

నవ్వలేదు. నన్ను కాసేపు జాలిగా చూసింది. "మద్దిలో ఇన్ని కొండలుంటే సముద్రం ఈడికెలాగొస్తాది బాబూ? ఈ నీరు దిగడమే గానీ ఎక్కడం నాను సూణ్ణేదు."

చెవులు వేడెక్కాయి. అక్క అటు తిరిగింది, భుజాలు కదులుతున్నాయి. దోనె ఎక్కి, రెండు అంచులూ రెండు చేతులతో పట్టుకున్నాను. ఏటి నడుమకి వచ్చాక ఆమె తెడ్డు ఆపింది. కొండలు నల్లబడుతున్నాయి, నీళ్ళు మాత్రం ఇంకా బంగారంలా ఉన్నాయి. అంత పెద్దదాని మధ్య మేం ముగ్గురం, ఒక చెక్క. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది, అది భయం ఒక్కటే కాదు. అక్క దోసిలితో నీళ్ళు తీసుకుని తాగింది. "తియ్యగున్నాయిరా" అంది, ఎవరో తనకి కానుక ఇచ్చినట్టు. నాకు కళ్ళు చెమర్చాయి. (తుంపర పడిందని చెప్పాను.)

ఇప్పుడు పోటు చూసి ఓడల్ని పోర్టులోకి తెచ్చేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తెలియనిది తెలియదని చెప్పడం కూడా వచ్చింది. మొన్నొక రోజు అక్కనడిగాను, మూడు గంటలు నిన్ను ఊరికే ఒడ్డున కూర్చోబెట్టాను గదా, ఇంట్లో ఎవరికీ చెప్పలేదేమని.

"ఊరికే ఏటి? ఆ మూడు గంటలూ నన్ను ఎవులూ పిలవలేదురా" అంది.

అన్నీ తెలిసిన ఆ కుర్రాడు నిజంగా చేసిన మేలు అదొక్కటే. అదీ వాడికి తెలియదు పాపం.