మా చెల్లె కాళ్లు చల్లబడ్డ రోజు

మా చెల్లె పద్మ నిక్షేపంగా ఉండగానే, ఆమెను ఆఖరి చూపు చూడడానికి ట్రాలీ ఆటో నిండా చుట్టాలు వచ్చారు. కారణం నేనే. నేనేమో జూనియర్ కాలేజీలో పిల్లలకు ఇంగ్లిష్ చెప్పేదాన్ని.

పద్మ మెదక్ రోడ్డు మీద కర్రీ పాయింట్ పెడుతోంది. షట్టర్ కిరాయికి తీసుకుంది, గిన్నెలు కొంది, బోర్డు కూడా వేయించింది. తెల్లారితే ఓపెనింగ్ అనగా పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, నాతోని కాదు. షట్టర్ వాపస్ ఇచ్చేస్త" అంది. ఎంత చెప్పినా వినలేదు. నాకు ఆ రోజు పరీక్ష డ్యూటీ, ఫోన్ బయటపెట్టి లోపలికి పోవాలి. గబగబా ఫ్యామిలీ గ్రూపులో ఒక ముక్క రాసి పడేశాను: "పద్మకు కోల్డ్ ఫీట్. ఎవరన్నా పోయి ధైర్యం చెప్పండి."

నారాయణరావుపేటలో ఉండే మా పెద్దమ్మకు ఆ మెసేజ్ చదివి చెప్పింది ఆమె కోడలు లత. కోల్డ్ అంటే చల్లగ, ఫీట్ అంటే కాళ్లు. ఆమె తప్పేం లేదు, మా క్లాసులో ఆ మాత్రం చెప్పేవాళ్లు కూడా తక్కువే. కానీ మన దగ్గర మనిషికి కాళ్లు చల్లబడ్డాయంటే అర్థం ఒక్కటే. పైగా ధైర్యం చెప్పమని కూడా రాశాను. పద్మకు ఫోన్ చేస్తే కలవలేదు. షట్టర్ ఓనర్ చేస్తాడేమోనని ఆమె స్విచాఫ్ చేసుకుని పడుకుంది. ఇంకేం కావాలి?

డ్యూటీ అయ్యాక చూస్తే ఫోన్ నిండా మిస్డ్ కాల్సే. స్కూటీ మీద పద్మ ఇంటికి పోయేసరికి వాకిట్లో ట్రాలీ, అరుగు మీద ముక్కులు తుడుచుకుంటున్న చుట్టాలు. లోపల పద్మ చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒక కాలు పెద్దమ్మ ఒళ్లో, ఇంకో కాలు లత ఒళ్లో. ఇద్దరూ శొంఠి పొడి పెట్టి రుద్దుతున్నారు. ఎందుకో పద్మకు తెలియదు. పెద్దమనిషి ఏడుస్తూ వచ్చి కాళ్లు పట్టుకుంటే ఏమని అడుగుతుంది పాపం.

"కాళ్లు వేడిగనే ఉన్నయి గదనే సరోజా" అంది పెద్దమ్మ నన్ను చూసి. ఆ గొంతులో సంతోషం కంటే అనుమానమే ఎక్కువ.

కోల్డ్ ఫీట్ అంటే తీరా పని మొదలుపెట్టే వేళకు జంకడమని చెప్పాను. అక్కడితో ఆగితే బాగుండేది. పాఠం చెప్పే నోరు ఆగుతుందా? ఆ మాట ఎక్కడిదో కూడా ఎత్తుకున్నాను. చలికి పాదాలు గడ్డకట్టిన సిపాయిలు యుద్ధానికి వెనకాడేవారని కొందరంటారు. పేకాటలో ఓడిపోతున్నవాడెవడో కాళ్లు చల్లబడ్డాయని సాకు చెప్పి లేచిపోయాడని ఇంకొందరంటారు. ఏది నిజమో తేలలేదు. పెద్దమ్మ శొంఠి చేతులతోనే అంతా విన్నది.

"పేకాటోని కాళ్లు తెచ్చి మన పిల్లకెందుకు పెట్టినవే?"

పెద్దమ్మ పద్మ వైపు తిరిగి, దేనికి జంకు అని అడిగింది. పొద్దున నాకు చెప్పని మాట పద్మ అప్పుడు చెప్పింది.

"అంత వండినంక ఎవ్వరు రాకుంటే ఎట్ల పెద్దమ్మా?"

"మేం రాలేదా? పొద్దటిసంది పచ్చి మంచినీళ్లు ముట్టలే. లేచి వండు."

పద్మ శొంఠి కాళ్లతోనే వంటింట్లోకి పోయింది. పప్పు, పచ్చిపులుసు, కోడికూర. ఏడవడానికి వచ్చినవాళ్లు మారు వడ్డించుకున్నారు. లత పచ్చిపులుసు గ్లాసులో పోసుకుని తాగింది. ట్రాలీ డ్రైవర్ చేయి కడుక్కుని వచ్చి, "రేపు ఎన్నింటికి తెరుస్తరక్కా? ఇంటికి పార్సల్ కావాలె" అన్నాడు. పద్మ ఆలోచించకుండా టైం చెప్పేసింది. చెప్పాక తెరవక తప్పలేదు. ఇప్పుడు మధ్యాహ్నం ఫోన్ చేస్తే, గిరాకీ ఉన్నదని నా మాట వినకుండానే పెట్టేస్తుంది.

నేను మాత్రం ఆ రోజే ఒకటి నిర్ణయించుకున్నాను. చుట్టాల గ్రూపులో ఏది రాసినా తెలుగులో, ఉన్నది ఉన్నట్టు రాయాలని. మొన్న పన్ను పీకించుకోవడానికి పోతూ, "నాకు భయమైతుంది, ఎవరన్నా తోడు రండి" అని పెట్టాను. ఒక్కరూ రాలేదు. పెద్దమ్మ దండం బొమ్మ పంపింది. ఒక్కదాన్నే పోయి పన్ను పీకించుకున్నాను గానీ, ఇంగ్లిష్ ముక్క మాత్రం పెట్టలేదు.