పారబోసిన కూర నీళ్లు

మా ఆయన కిడ్నీలు పాడైనప్పుడు గుంటూరు డాక్టరు నాకు ఒకటే చెప్పాడు. ఒంట్లో పొటాషియం అనే ఉప్పు పెరిగిపోతోంది, ఎక్కువైతే గుండె ఆగుతుంది, అరటిపండు, కొబ్బరినీళ్లు ముట్టనివ్వొద్దు, ఏ కూరైనా ఉడికించి నీళ్లు పారబోసి వండు అని. అలాగే వండాను. గోంగూర అయినా సరే పిప్పి చేసి పెట్టేదాన్ని. మా అత్త పొయ్యి దగ్గర పీట వేసుకుని కాపలా కూర్చునేది. నీళ్లు వంచేదాకా లేచేది కాదు.

ఏడాది తిరక్కుండానే ఒళ్లంతా ఉబ్బింది. ఆసుపత్రిలో పొట్టకు గొట్టం వేసి, సీసాల మందునీళ్లు లోపలికి పోసి, మళ్లీ బయటికి తీసేవాళ్లు. వారం వారం బస్సెక్కి వెళ్లి రెండు రోజులు ఉండేవాళ్లం. ఉబ్బు తగ్గింది కానీ కాళ్లు పట్టు తప్పాయి. డాక్టరు రక్తం చూసి నన్ను పిలిచాడు.

"ఇప్పుడు ఆ ఉప్పు తక్కువైందమ్మా. పొట్టలోంచి తీసే నీళ్లతో అదీ పోతోంది. తక్కువైనా గుండెకు ముప్పే. రోజుకో అరటిపండు పెట్టు. కూర నీళ్లు వంచొద్దు. వచ్చే వారం మళ్లీ రక్తం చూసి చెబుతాను."

బస్టాండులో అరడజను పళ్లు కొన్నాను. ఇంట్లో సంచి దించీ దించకముందే అత్త చూసింది.

"ఏమే, పసుపు కుంకాలు బరువయ్యాయా నీకు? మొన్నటిదాకా విషమన్నావు, ఇవాళ వాడి నోట్లో కుక్కుతావా?"

"డాక్టరుగారే చెప్పారత్తా."

"చెప్తాడు. పోయేది ఆ డాక్టరు కొడుకా ఏమన్నా?"

మంచం మీద నుంచి మా ఆయన నవ్వాడు. "పెట్టనీవే అమ్మా. ఇంకో మొగుణ్ణి చూసుకున్నట్టుంది."

పరిహాసానికే అన్నాడు. నాకు మాత్రం చెయ్యి ఆడలేదు. పళ్లు గేదె ముందు పడేశాను.

ఆ వారంలో ఆయన మంచం దిగలేకపోయాడు. మెడ కూడా నిలవలేదు. పథ్యం చాలడం లేదంది అత్త. కూర రెండుసార్లు ఉడికించమంది, రెండుసార్లూ నీళ్లు వంచమంది. డాక్టరు మాట చెవిలో మోగుతూనే ఉంది. అయినా వంచాను. ఈ చేతులతోనే వంచాను.

ఆసుపత్రికి చేర్చేసరికి గుండె ఆగింది. డాక్టరు బయటికొచ్చి అడిగాడు, "అరటిపండు పెట్టావా అమ్మా?"

నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "ఒక్కటి ముట్టనిస్తే ఒట్టు బాబూ. కంటికి రెప్పలా కాచాను."

డాక్టరు నావైపే చూశాడు. లోపలికి వెళ్లిపోయాడు.

పెద్దకర్మ నాడు వచ్చినవాళ్లంతా మా అత్తను మెచ్చుకున్నారు, అంత గట్టి పథ్యం ఏ తల్లి చేయిస్తుందని. మూల కూర్చుని అంతా విన్నాను. నిజం చెబితే నన్ను ఒకటే అడుగుతారు, తెలిసీ నువ్వెందుకు పెట్టలేదని. అందుకే నేనూ తలూపాను.