గోంగూరకు కట్టిన ప్లాస్టిక్ ఇల్లు

ఆ చలికాలం తలుచుకుంటే ముందు వెలుగే గుర్తొస్తుంది. పల్చని పాలలాంటి వెలుగు. మన ప్రాంతానికి దూరంగా, ఉక్కు కర్మాగారం ఉన్న ఊళ్లో, కద్మా పేటలో మా క్వార్టరు వెనక నాన్న కట్టిన ప్లాస్టిక్ ఇంట్లో కూర్చుంటే పొద్దున్నే అది నెత్తిమీద పడేది. బయట జనం మఫ్లర్లలో మూతులు దాచుకుని డ్యూటీకి పోతుంటే, లోపల తడిమట్టి వాసనకి నా కళ్లు మూతలు పడేవి. ఎనభైల మొదట్లో మాట. నేనప్పుడు కాలేజీలో కొత్తగా చేరాను.

అదంతా అమ్మ కోసం. దసరా వెళ్లగానే పట్టిన టైఫాయిడు ఆమెను వదిలింది గానీ, పోతూపోతూ నాలుక్కి రుచి లేకుండా చేసిపోయింది. ఏం పెట్టినా "మట్టి తిన్నట్టుంది" అని కంచం జరిపేసేది. తినకపోతే మనిషి దక్కదని డాక్టరు మొహమ్మీదే చెప్పాడు. నాకు చచ్చే భయం. భయమేస్తే నాకు కోపమొస్తుంది, ఇంట్లో అందరిమీదా విరుచుకుపడేదాన్ని.

ఒకరోజు అమ్మ గోడవైపు తిరిగి పడుకునే, "గోంగూర పచ్చడైతే ఓ ముద్ద తిందును" అంది. ఆ చలిలో ఈ ఊళ్లో గోంగూరా! బర్మామైన్స్ పేటలో మన తెలుగువాళ్ల దుకాణాలన్నీ తిరిగొచ్చాను. లేదు పొమ్మన్నారు. మా సొంతూరినుంచి రైల్లో తెప్పిస్తే దారిలోనే కుళ్లిపోయింది.

"ఏటి, గోంగూరే కదా? నాను పండిత్తాను" అన్నాడు నాన్న.

సాక్చి బజారుకెళ్లి కరెంటు వైరింగుకి వాడే ప్లాస్టిక్ పైపులు తెచ్చాడు. నేలలో రెండు వరసలుగా ఇనప చువ్వలు దిగ్గొట్టాడు. ఇవతలి చువ్వకి పైపు కొస తొడిగి, విల్లులా వంచి, రెండో కొస అవతలి చువ్వకి తొడగాలి. మొదటి పైపు చలికి ఫట్‌మని విరిగింది. "ఓలమ్మో!" అని నాన్న మిగతావాటిని కాసేపు ఎండలో పడుకోబెట్టి, వెచ్చబడ్డాక వంచాడు. నేనొక కొస పట్టుకుంటే పైపు నా చేతుల్లో పెనుగులాడేది. పైన తెల్లటి ప్లాస్టిక్ పట్టా పరిచి సుత్లీ తాడుతో బిగించేసరికి, పెరట్లో గూడుబండి ఆగినట్టుంది.

గింజలు మొలిచాయి. రోజూ అమ్మకి దుప్పటి చుట్టి లోపల కూర్చోబెట్టేదాన్ని. పట్టా లోపలివైపు నీటిబొట్లు నెమ్మదిగా జారేవి. సాయంత్రం కర్మాగారం వైపు ఆకాశం ఎర్రబడితే బొట్లన్నీ ఎర్రబడేవి. "మనూరి సముద్రం కాడ పొద్దు పొడుత్తన్నట్టుందే" అనేది అమ్మ. అప్పుడు నాకూ అలల చప్పుడు వినిపించేది, ఒట్టు.

ఆకులు కోతకొచ్చే వేళకి ఒక తెల్లవారుజామున తలుపుకి బదులు వేలాడదీసిన పరదా సందులోంచి చలిగాలి దూరి, కొసలు నల్లబడ్డాయి. నాన్న ఉద్యోగమంతా కోక్ ఓవెన్లలో. బొగ్గు మగ్గే ఆ పొయ్యిల తలుపుల సందుల్లో మట్టి మెత్తి, పొగ బయటికి రాకుండా మూయడమే ఆయన పని. సందు కనబడితే ఆ మనిషి ఊరుకుంటాడా? బంకమట్టి పిసికి పట్టా అంచులకీ పరదాకీ చుట్టూతా నొక్కి నొక్కి మెత్తేశాడు.

"దమ్ ఘుట్ జాయేగా, నాన్నా! మొక్కలకి ఊపిరాడదు, కాస్త గాలైనా ఆడనీ" అని అరిచాను.

"నీకేటి తెలుసే? లీకుంటే ఓవెన్ పాడైపోద్ది" అని ఆయన డ్యూటీకి పోయాడు.

ఆరోజే మంచు విడిపోయి ఎండ విరగగాసింది. మధ్యాహ్నం నాన్న వచ్చి మట్టి పెచ్చు లాగగానే ఆవిరి మా మొహాలకి కొట్టింది. గోంగూరంతా నేలకి అతుక్కుపోయింది.

"అమ్మ నోటికాడ ముద్ద ఉడకబెట్టేశావు కదా!" అని నోటికొచ్చినట్టు తిట్టాను. నాన్న మట్టిచేతులతో అక్కడే చతికిలబడ్డాడు.

మా గొడవ విని అమ్మ గోడ పట్టుకుని తనంతట తనే పెరట్లోకి వచ్చింది. ఆకుల్ని చూసింది, నాన్నని చూసింది. పక్కున నవ్వింది.

"సగం వంట నువ్వే సేసీసినావు. అలా కూకున్నావేటి? లెగు. పిల్లని ఎండుమిరగాయలు ఏపమను."

వాడిన ఆకులే ఏరి, కడిగి, నూనెలో మగ్గబెట్టి, రోట్లో నూరాను. పిడికెడు పచ్చడైంది. నాన్న చేతులు కడుక్కొచ్చి, అన్నంలో కలిపి, తనే అమ్మ నోటికి అందించాడు. మా ఇంట్లో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. అమ్మ కళ్లు మూసుకుని నమిలింది. ఉన్నట్టుండి మొహం ముడుచుకుంది.

"పుల్లగున్నాది" అంది. ఆమె చెంపలమీద నీళ్లు కారుతున్నాయి. "పుల్లగున్నాదే!"

నాన్న రెండో ముద్ద కలిపాడు. ఎంత కడిగినా ఆయన గోళ్లలో బంకమట్టి అలాగే ఉంది. అమ్మ అది చూసి కూడా నోరు తెరిచింది.